కండె మీద గాడిద చెవులు

వేసవి సెలవుల్లో ఆల్థాన్‌లోని ఒక అపార్టుమెంటు వాళ్ళు తమ పిల్లలకు నాలుగు రోజులు మట్టిపని నేర్పమని నన్ను పిలిచారు. డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక నేను చేస్తున్న పని ఇదే. పాత నాగరికతల వాళ్ళు ఏం చేశారో పుస్తకంలో చూపించి వదిలెయ్యకుండా, పిల్లల చేత ఆ పనే చేయిస్తాను. బట్టల సబ్బు మీద సింధులోయ ముద్రలు చెక్కిస్తాను. చాయ్ తాగి పారేసే మట్టి కప్పుల మీద గ్రీకు వాళ్ళు గీసినట్టు నల్లటి మనుషుల్ని గీయిస్తాను. మూడో రోజు పొద్దున బల్లల మీద తడిమట్టి పరుస్తూ ఉండగా క్లబ్బు హాలు గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. ఒక ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చి, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు పోయింది. పళ్ళు కొన్ని పోయాయి. ముక్కు మాత్రం అలాగే ఉంది. ఆ ముక్కును నేను నలభై ఏళ్ళకు పైగా చూస్తూనే ఉన్నాను. అది నా సంచిలో ఉంటుంది.

ఆయన మూర్తి సార్. నేను చదివిన మునిసిపాలిటీ తెలుగు బడిలో డ్రాయింగు, సాంఘికశాస్త్రం రెండూ ఆయనే చెప్పేవాడు. నా సంచిలో ఉన్నది మగ్గం షటిల్‌లో పెట్టే చెక్క కండె ముక్క, బొటనవేలంత ఉంటుంది. ఆ ముక్కును దాని మీద నేనే చెక్కాను. వయసు పెరిగితే కోపాలు కరిగిపోతాయని నాతో చాలామంది అన్నారు. వాళ్ళవి అంత గట్టి కోపాలు కాకపోయి ఉంటాయి. మా పక్కింటావిడ నా పెళ్ళిలో పప్పులో ఉప్పు తక్కువైందని ఎంతమందితో చెప్పిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అలాంటివి నేను మర్చిపోను, మర్చిపోవాలనీ అనుకోలేదు. కానీ మూర్తి సార్ సంగతి వేరు. అది నా ఒక్కదాని అవమానం కాదు.

లింబాయత్‌లో మగ్గాల పనికి వలస వచ్చినవాళ్ళ మధ్య మాది ఒకే గది. దాని వెనక గోడ మగ్గాల కార్ఖానా గోడే. పొద్దున ఏడింటికి పాళీ, అంటే షిఫ్టు, మారినప్పుడు తప్ప ఆ గోడ అదరడం ఆగేది కాదు. ఆ అదురుకు అరమీది గిన్నెలు కొంచెం కొంచెంగా జరుగుతూ సాయంత్రానికి అంచుకు వచ్చేవి. దీపం పెట్టే ముందు మా అమ్మ వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి నెట్టేది, కోళ్ళను గూట్లోకి తోలినట్టు. గదంతా మిషన్ నూనె వాసన, కొత్త చీరల గంజి వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన. అమ్మ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఆ దారప్పోగులు ఆమె జుట్టులో, మా పరుపులో, అన్నంలో కూడా దొరికేవి. ఒకరోజు గులాబీ రంగు, ఒకరోజు చిలకపచ్చ. అన్నంలో ఏ రంగు వచ్చిందో చూసి బజారులో ఏ చీరలు నడుస్తున్నాయో చెప్పేవాళ్ళం. మా తమ్ముడు మాత్రం ఏ రంగైనా పక్కకు తీయకుండా మింగేసేవాడు.

మా నాయిన పాళీ దిగి రాగానే గుమ్మం బయట గొంతుకూర్చుని, పాత గుడ్డను కిరసనాయిల్లో ముంచి మోచేతుల దాకా నూనె మరకలు తుడుచుకునేవాడు. తర్వాత చాయ్‌ను సాసరులో పోసుకుని రెండు గుక్కల్లో తాగేవాడు. మూడో గుక్క నాకు. మగ్గాల మోతలో బతికిన మనిషి కాబట్టి ఆయన మాట ఎప్పుడూ పెద్దదే. చాయ్ అడిగినా, జ్వరమొచ్చిందని చెప్పినా, ఆ వరసలోని అందరికీ తెలిసేది. ఆయన చొక్కా జేబులో బీడీ కట్టతో పాటు చిన్న గుండ్రటి అద్దం ఉండేది. అందరూ సోకు చేసుకోవడానికి అనుకునేవాళ్ళు. కాదు. ఆ మగ్గాల మీద పూల చీరను బోర్లా నేస్తారు. పైకి కనిపించేది వెనక వైపు, పోగులు వేలాడుతూ, పువ్వు పువ్వులా ఉండదు. అసలు అందం అడుగున ఉంటుంది. మా నాయిన గంటకోసారి వంగి, బట్ట కింద అద్దం పెట్టి, పువ్వు సరిగ్గా పడుతోందో లేదో చూసుకునేవాడు. నన్ను అన్నం డబ్బాతో పంపినప్పుడు నాకూ చూపించేవాడు. “జూడు బిడ్డా, మీద జూస్తె గడ్డి లెక్కుంటది. కింద జూడు, మల్లెపువ్వు.” ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఏ బొమ్మ తిరగబడితే ఎలా ఉంటుందో నాకు చూడకుండానే తెలిసేది.

ఇక మూర్తి సార్. ఆయనది కోస్తా వైపు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత, తలకు నూనె. ఎడమచేతి వాటం కావడంతో బోర్డు మీద రాసిన అక్షరాలను ఆయన చెయ్యే తుడుచుకుంటూ పోయేది. సాయంత్రానికి ఎడమ చొక్కాచెయ్యి సుద్దతో తెల్లగా అయ్యేది. మా మాట ఆయనకు నచ్చేది కాదు. “ఏవర్రా, మీ ఇళ్ళల్లో అందరూ చెవిటివాళ్ళేనా? అలా అరుస్తారేంటి?” అనేవాడు. నేను ఒకసారి “గిట్లనే మాట్లాడుతం సార్” అంటే, వారం రోజులు నన్ను ‘గిట్ల’ అనే పిలిచాడు. ‘గిట్ల, లేచి నిలబడు. గిట్ల, డస్టరు తే.’ ఆ వారం కూడా నా లెక్కలో ఉంది.

కానీ పాఠం మాత్రం అద్భుతంగా చెప్పేవాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. చేతకాని మనిషి అయితే ఎప్పుడో వదిలేసేదాన్ని. ఈజిప్టు బొమ్మల పాఠం రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, “తల పక్కకి, భుజాలు ఎదురుగా, కాళ్ళు మళ్ళీ పక్కకి” అన్నాడు. నడుములు పట్టేశాయి. “చూశారా, అలా ఏ మనిషీ నిలబడడు. కానీ ఒక మనిషిలో చూడాల్సినవన్నీ అందులో కనిపిస్తాయి, అందుకే వాళ్ళు అలా గీశారు” అన్నాడు. అదే రోజు ఇంకోటి చెప్పాడు. అక్కడి రాజులు తమ శత్రువుల బొమ్మల్ని చెప్పుల అడుగున గీయించుకునేవాళ్ళట, అడుగు వేసినప్పుడల్లా శత్రువు నలుగుతాడని. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. అంత తెలివైన పని మనుషులు చేశారని నాకు ఆశ్చర్యమేసింది. పగ తీర్చుకోవడానికి బొమ్మ కూడా పనికొస్తుందని నాకు నేర్పింది ఆయనే.

ఆ తర్వాత మెసొపొటేమియా వచ్చింది. రెండు నదుల మధ్య ఉన్న ఆ దేశంలో రాతిని చిన్న గొట్టంలా చేసి, చుట్టూ బొమ్మ చెక్కి, తడిమట్టి మీద దొర్లించేవాళ్ళు. అదే వాళ్ళ సంతకం. ఎంత దూరం దొర్లిస్తే అంత దూరం ఆ బొమ్మ మళ్ళీ మళ్ళీ పడుతుంది. ఎక్కువగా ఒక దేవుడో రాజో కూర్చుని ఉంటాడు, ఎదురుగా ఒక మనిషి చేతులు జోడించి నిలబడి ఉంటాడు. “మీరూ చెయ్యండి. సబ్బుతో, సుద్దతో, దేనితోనైనా సరే” అన్నాడు సార్. తాపీ నది ఒడ్డు నుంచి మట్టి తెచ్చుకున్నాం. మా ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఉండేది. వాళ్ళు పిల్లల బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. అందులో మొదటిగా నిలిచిన బొమ్మ ఎవరిదైతే వాళ్ళని తమ బస్సులో లోథల్ తీసుకెళ్తారు. వేల ఏళ్ళ కిందటి సింధులోయ ఊరు, ఇటుకల రేవు, పూసలు చేసిన కొలుములు అన్నీ చూపిస్తారు. లింబాయత్ దాటి నేను చూసింది తాపీ వంతెన ఒక్కటే. ఆ బస్సులో కిటికీ పక్క సీటు నాదేనని నాకు నమ్మకం కుదిరిపోయింది.

కార్ఖానా వెనక చెత్తలో విరిగిన కండెలు పడేసేవాళ్ళు. నేను ఒకటి ఏరుకున్నాను. దాని లావు మొదలు కోస్తే సరిగ్గా గొట్టం. నూలు కండె కాబట్టి మధ్యలో బెజ్జం కూడా ముందే ఉంది, ఆ కాలం వాళ్ళు తాడు కట్టుకుని మెడలో వేసుకున్నట్టే. బ్లేడు ముక్కతో, గొడుగు ఊచతో పన్నెండు రోజులు చెక్కాను. కూర్చున్న మనిషి, ఎదురుగా చేతిలో నూలు పోగుల చిలప పట్టుకున్న ఆడమనిషి, మధ్యలో చంద్రవంక. నాయిన పడుకున్నప్పుడు ఆయన జేబులోంచి అద్దం తీసి, గీసిన బొమ్మ పక్కన పెట్టి, అద్దంలో కనిపించినదాన్నే చెక్కాను. బడిలో అందరి ముద్రలూ మట్టి మీద తిరగబడి పడ్డాయి. కుడికి పోవాల్సిన ఎద్దులు ఎడమకు పోయాయి. నాది ఒక్కటే అనుకున్నది అనుకున్నట్టు పడింది. సార్ దాన్ని మూడుసార్లు దొర్లించాడు. “ఎవరు చెప్పారే నీకు, తిరగేసి చెక్కాలని?” అన్నాడు. “మా నాయిన అద్దం సార్” అన్నాను. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంటి దాకా పరుగెత్తాను.

ప్రదర్శన రోజు నాయిన పాళీ మార్చుకుని వచ్చాడు. నూనె మరక లేని ఒకే ఒక్క చొక్కా వేసుకున్నాడు. హాల్లో పెద్ద బల్ల, తెల్ల దుప్పటి. మధ్యలో, ఎర్ర రిబ్బను కింద, నా ముద్ర. ముందు చీటీ మీద ‘రేవతి’ అని ఉంది. సార్ చేతిరాతే. రేవతి ఒక పెద్ద ఆఫీసరు కూతురు, ఇంగ్లీషు మీడియం, ఆదివారాలు సార్ ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పిల్ల. నా పేరు బల్ల చివర ఒక పగిలిన కుండ ముందు ఉంది. ఆ కుండ ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

“సార్, గిది నాది” అన్నాను.

“ఏది?”

“గీ కండె. నేను చెక్కిన. రేవతి పేరు పెట్టిన్రు.”

“నీది అక్కడుంది చూడు” అని కుండ వైపు చూపించాడు.

“గది నాది కాదు. గిది మా నాయిన కార్ఖానా కండె సార్. అడుగున ఎర్ర రంగుంటది, సూడుండ్రి.”

ఆయన తిరగేసి చూశాడు. ఎర్ర రంగు ఉంది. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను. ఆయన గొంతు పెంచాడు, చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా. “అయితే ఇది కార్ఖానా సొత్తన్నమాట. ఎత్తుకొచ్చింది నువ్వా, మీ నాన్నా? కార్ఖానా సేఠ్‌గారు కూడా ఇప్పుడు వస్తున్నారు. ఆయన్నే అడుగుదామా?”

అది చెత్తలోంచి ఏరుకున్న విరిగిన కండె అని నేను చెప్పబోయాను. ఈలోపల మా నాయిన ముందుకొచ్చాడు. చేతులు జోడించాడు. “తప్పయింది సార్. పోరి తెల్వక అంటున్నది. ఇడ్సిపెట్టుండ్రి.” ఆయన అంత చిన్నగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. కార్ఖానా పక్కన బతికిన మా చెవులకు ఆ మాట సరిగ్గా వినిపించనైనా లేదు. ఆ జోడించిన చేతులు మాత్రం కనిపించాయి. మోచేతుల దగ్గర, ఎంత తుడిచినా పోని నల్లటి గీతలతో. పక్కనే తెల్ల దుప్పటి మీద నేను చెక్కిన మనిషి హాయిగా కూర్చుని ఉన్నాడు.

బస్సు వెళ్ళిన ఆదివారం నాయిన నన్ను డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. తోవ పక్క బండి మీద టమాటా భజియాలు కొనిచ్చాడు. కాగితంలో నూనె దిగి వేళ్ళు కాలుతున్నాయి. “లోథల్ల ఏమున్నది బిడ్డా, ఇటుకలే గద. గీడ సముద్రమే ఉన్నది” అన్నాడు గట్టిగా. ఆయన గొంతు మళ్ళీ ఆయనకు వచ్చింది. పుల్ల తీసుకుని ఇసుకలో ఒక ముఖం గీసి, చెప్పులతో దాని మీద నడిచాను. మళ్ళీ గీశాను, మళ్ళీ నడిచాను.

నాయిన చాలాసేపు చూశాడు. “ఏంది, సారా?”

“ఆఁ.”

“ముక్కు జర పొడుగు పెట్టు.”

పొడుగు పెట్టాను. అంతలో అల వచ్చి తుడిచేసింది. “పోయిండు” అన్నాడు నాయిన. “మల్ల గీస్త” అన్నాను. ఆయన నవ్వలేదు. నేను అల తర్వాత అల వచ్చినా గీస్తూనే ఉన్నాను. రెండు రోజుల తర్వాత పాళీ దిగి వచ్చి, చేతులు తుడుచుకోకుండానే నా ముందు ఒక విరిగిన కండె పెట్టాడు. “సేఠ్‌ను అడిగి తెచ్చిన. అందరి ముంగట అడిగిన. ఇగ ఎవ్వడు దొంగ అనడు.” ఇసుక మీద గీసింది నిలవదని ఆయనకూ అర్థమైందన్నమాట.

ఈ రెండోదాన్ని ఒక్క ఆదివారంలో చెక్కాను. అద్దం నాయినతో పాటు పాళీకి పోయింది. నాకు అద్దం కావాలనిపించనూ లేదు. ఆ ముఖం నా కళ్ళల్లోనే ఉంది. సార్ చెప్పిన ఈజిప్టు పద్ధతిలోనే గీశాను: ముక్కు పక్కకి, భుజాలు ఎదురుగా, కాళ్ళు పక్కకి. చేతిలో సుద్దముక్క. నెత్తిన రెండు గాడిద చెవులు. నాయిన ఇంటికొచ్చేసరికి అమ్మ గోధుమపిండి కలుపుతోంది. ఆయన కండె అందుకుని, ఒత్తి పెట్టిన రొట్టె మీద ఈ చివర్నుంచి ఆ చివరకు దొర్లించాడు. నలుగురు మూర్తి సార్లు, నాలుగు జతల చెవులు, వరసగా నడుస్తున్నారు. నాయిన నవ్విన నవ్వుకు గోడ అవతల మగ్గం ఆగిందేమో అనుకున్నాం.

“తినే పిండి మీద గాడిదేంది, మీ తండ్రీబిడ్డలకు మతి గిట్ల పోయిందా?” అంది అమ్మ.

“కాల్చవే. జర మాడనియ్యి.”

పెనం మీద పొంగినప్పుడు చెవులు ఇంకా పెద్దవయ్యాయి. ఆ పూట మేము సార్‌ను పప్పుతో తిన్నాం.

నాయిన తర్వాత పల్సానా వైపు ఒక మిల్లుకు మారాడు, చివరి దాకా మగ్గాల దగ్గరే పనిచేశాడు, పోయాడు. ఆయన బీడీ కట్ట పారేశాం. అద్దం నా దగ్గరుంది. నేను డ్రాయింగు టీచర్ని అయింది కళ మీద ప్రేమతో అని నా వీడ్కోలు సభలో ఎవరో అన్నారు. నేను ఖండించలేదు. అసలు సంగతి ఏమిటంటే, ప్రతి ఏడూ కొత్త పిల్లల ముందు ఆ కండెను తడిమట్టి మీద దొర్లించే అవకాశం ఇంకే ఉద్యోగంలోనూ దొరకదు. “ఎవరు టీచర్ ఇతను?” అని అడుగుతారు. “ఒకానొక నగరంలో లేఖకుడు. ఒకరి పనికి ఇంకొకరి పేరు రాశాడు. అందుకని రాజు ఇతనికి గాడిద చెవులు పెట్టించాడు” అని చెప్తాను. పిల్లలు నమ్ముతారు. తమ వంతుగా దొర్లించుకుని, ఎండబెట్టి, ఇంటికి పట్టుకుపోతారు. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళ కిటికీల్లో, ఎన్ని పూలకుండీల పక్కన మూర్తి సార్ చెవులూపుతూ నిలబడి ఉన్నాడో నాకే తెలియదు. ఇంకో నియమం కూడా ఉంది. నా తరగతిలో మొదటి పాఠం ముద్ర కాదు, పేరు. ఏ బొమ్మైనా మొదలుపెట్టే ముందు అడుగున తమ పేరు చెక్కాలి, పక్కన బొటనవేలు ఒత్తాలి. చీటీ మీద పేరు ఎవరైనా మార్చగలరు. వేలిముద్రను మార్చలేరు.

ఆల్థాన్ హాలు చల్లగా ఉంది, ఏసీ. మట్టి తాపీ ఒడ్డుది కాదు, ప్యాకెట్లలో వస్తుంది, గోళ్ళకు అంటుకోదు, వాసన లేదు. గొడుగు ఊచకు బదులు ఒక్కో పిల్ల ముందూ పది రకాల ప్లాస్టిక్ పనిముట్లు. తల్లులు వచ్చి ఫొటోలు తీసుకుపోతున్నారు. ఈ పిల్లలు అడిగితే లోథల్ ఏమిటి, ఈజిప్టే చూపించే తల్లిదండ్రులు. ఏదీ తక్కువ కాలేదు, ఒక్క పట్టుదల తప్ప. పన్నెండు రోజులు ఒక్క బొమ్మ మీద కూర్చునే పిల్ల ఒక్కతీ కనపడదు. సగం చెక్కి, బాగోలేదని, పక్కన పడేసి ఇంకో ప్యాకెట్ విప్పుతారు. అన్యాయం జరిగినా అంతే, సాయంత్రానికి మర్చిపోతారు. వాళ్ళ తల్లులు దాన్ని మంచి గుణం అనుకుంటున్నారు.

నేను కండె బయటకు తీశాను. లేఖకుడి కథ చెప్పాను. మామూలుగా చెప్పేదానికంటే గట్టిగా, మా ఇంట్లో మాట్లాడే గొంతుతో. గోడ పక్క కుర్చీ వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు. మనవరాలే ముందు దొర్లించి కేకేసింది, “తాతయ్యా, జువో నే, చూడు, గాడిద చెవుల అంకుల్! సేమ్ నీ ముక్కే!” హాలంతా నవ్వింది. ఆయన కర్ర ఊతంతో లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మట్టికి ఆనేంతగా వంగి చూశాడు. తర్వాత కండె అడిగి తీసుకుని, తనే ఒకసారి దొర్లించాడు. మొదలు నుంచి చివర దాకా ఒకే ఒత్తిడితో. ఆ పని వచ్చిన చెయ్యి.

“ముక్కు నాదే” అన్నాడు. “చెవులూ నావే అయ్యుంటాయి. కానీ అమ్మా, సుద్దముక్క కుడిచేతిలో ఉందేవిటి? నాది ఎడమచేతి వాటం కదా.”

నేను మట్టి వైపు చూశాను. కుడిచేతిలోనే ఉంది. నలభై ఏళ్ళకు పైగా, అన్ని వందల మంది పిల్లల ముందు, కుడిచేతిలోనే ఉంది.

“క్లాసు మొత్తంలో తిరగేసి చెక్కింది నువ్వొక్కదానివే” అన్నాడు. “ఆ మొదటి ముద్రలో వెంట్రుకవాసి తేడా లేదు. మరి దీన్నెలా తిన్నగా చెక్కేశావ్?”

నేను మట్టి మీంచి చూపు ఆయన మీదికి తిప్పాను. తప్పు దొరికిందని కాదు. ఆయన ఏమన్నాడో నాకు అర్థమైంది, ఆయనకు ఇంకా అర్థం కాలేదు. “ఆ మొదటి ముద్ర చెక్కింది నేనేనని మీకు తెలుసన్నమాట” అన్నాను.

ఆయన కండె బల్ల మీద పెట్టాడు. “తెలుసు.”

“పిల్లలకు చెప్పండి సార్. నేను చెప్పింది కథ. మీరు జరిగింది చెప్పండి.”

తప్పించుకుంటాడనుకున్నాను. లేదు, కర్ర మీద రెండు చేతులూ ఆనించి చెప్పాడు. “ఈ టీచరు చిన్నప్పుడు చాలా మంచి ముద్ర చేసింది. నేను దానికి ఇంకో అమ్మాయి పేరు రాశాను. అడిగితే, దొంగతనం అంటగట్టాను.” మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంకో పిల్ల, “తో ప్రైజ్ కిస్‌కో మిలా? ఎవరికొచ్చింది?” అంది. “ఆ అమ్మాయికే. లోథల్ వెళ్ళింది.” “టీచర్ మళ్ళీ వెళ్ళలేదా? దగ్గరే కదా, కార్లో పోవచ్చు” అంది ఆ పిల్ల నా వైపు తిరిగి. నేను వెళ్ళలేదు. బడి పిల్లల్ని తీసుకెళ్ళమన్నప్పుడు కూడా ఇంకో టీచర్ని పంపాను. ఎవరు నా సీటు తీసేశారో వాళ్ళు ఇస్తేనే కూర్చుంటానని పన్నెండేళ్ళప్పుడు పెట్టుకున్న పంతం.

“అప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు కాలేదమ్మా. ఆ ఆఫీసరు ఒక మాట చెప్తే అవుతుందన్నారు” అన్నాడు సార్, నాకు మాత్రమే వినపడేలా.

“మా నాయిన ఉద్యోగం చివరిదాకా కాలేదు సార్.”

ఆయన తల దించుకున్నాడు. అంత జుట్టు లేని తల నేను ఎప్పుడూ చెక్కలేదు. బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, కొంచెం నవ్వబోయి, “ఇప్పుడైనా ఆ చెవులు తీసేస్తావా?” అని అడిగాడు.

“సుద్దముక్క చెయ్యి మారుస్తాను సార్. చెవులు ఉంటాయి” అన్నాను.

మర్నాడు నా తమ్ముడు పాత సామాన్లలోంచి ఒక చెక్క కండె వెతికి తెచ్చిచ్చాడు. ఇప్పుడు కార్ఖానాల్లో అన్నీ ప్లాస్టిక్‌వే. బ్లేడు పట్టుకుంటే వేళ్ళు వెనకటిలా ఆగడం లేదు, రోజుకు గోరంత మేర నడుస్తోంది. ఈసారి తొందరపడను. నాయిన అద్దం పక్కన పెట్టుకున్నాను. పాదరసం అంచుల్లో లేచిపోయింది, మధ్యలో చాలినంత కనిపిస్తుంది. ఇందులో ఇద్దరుంటారు. ఒకాయన పీట మీద కూర్చుని ఉంటాడు, మోచేతుల దగ్గర గీతలు, చేతిలో గుండ్రటి అద్దం. ఆయన ఎదుట ఇంకొకడు నిలబడి ఉంటాడు, ఎడమచేతిలో సుద్దముక్క, నెత్తిన చెవులు. తడిమట్టి ఎంత దూరం పరిస్తే అంత దూరం, ఎన్నిసార్లు దొర్లిస్తే అన్నిసార్లు, మా నాయిన కూర్చునే ఉంటాడు, సార్ నిలబడే ఉంటాడు.